పసుపుకు పసుపే పూత

ఖానాపూరు, కడెము ప్రాంతములకు గోదావరి ఎట్లు తల్లియో, ఆవలి ఒడ్డున మల్లాపూరు, మెట్టుపల్లి, కోరుట్ల ప్రాంతములకును అట్లే తల్లి. పూర్వము ఒక ఒడ్డు ఆదిలాబాదు జిల్లా, రెండవ ఒడ్డు కరీంనగరు జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలు మారి ఇవి నిర్మల్, జగిత్యాల జిల్లాలలోనికి వచ్చినవి. జిల్లాల పేర్లు మారినను పంటలు మారలేదు. 1891-92లో కట్టిన సదర్‌మాటు ఆనకట్ట నీరు పారినంతమేర వరి పండుచున్నది. ఆ పైని చెలకలలో మొక్కజొన్నయు, దానితో కలిపి పసుపును వేయుట ఈ ప్రాంతపు రైతులకు తరతరాల అలవాటు.

పసుపు ఎనిమిది, తొమ్మిది మాసములు భూమిలో ఉండు పంట. విత్తనము, ఎరువు, కలుపు, త్రవ్వకము అన్నిటికిని ఖర్చు అధికము. ఇంత చేసి, పంటను నిజామాబాదు యార్డుకు తోలుకొని పోయిన రైతునకు అక్కడ ఎదురగు మొదటి పరీక్ష రంగు. కొనువాడు గుప్పెడు కొమ్ములు తీసి చూచును, ఒకటి విరిచి లోపల చూచును, వాసన చూచును. కళ తప్పిన సరుకునకు ధర తగ్గించి చెప్పును. అప్పుడు రైతునకు, వ్యాపారికి కూడ ఒక ఆశ పుట్టును: "పైన కొంచెము రంగు పూసిన బాగుండునుగదా!" అని. ఆ పూత ఏదై ఉండవలెను, ఏది కారాదు, అసలు పూత అవసరము లేకుండ రంగును నిలుపుకొనుట ఎట్లు అను సంగతులను ఈ వ్యాసములో చెప్పుకొందము.

పూత అనగా నేమి?

తినుబండారములకు పూత పూయుట క్రొత్త విద్య కాదు. భోజనానంతరము మనము నములు చక్కెర సోంపును చూడుడు. తిరుగుచుండు గిన్నెలో సోంపు గింజలను పోసి, చక్కెర పాకమును కొంచెము కొంచెముగా చిలుకుచు, వేడిగాలితో ఆర్చుచు పోయిన, పొర మీద పొర ఏర్పడును. సంతలో అమ్ము ఉప్పు శనగలకు ఉప్పు, పసుపు కలిపిన నీటిని పట్టించి వేడి ఇసుకలో వేయించుదురు. పెద్ద కర్మాగారములలో ఆలుగడ్డ చిప్సునకు కారము, మసాలా పట్టించునది కూడ ఒక తిరుగు డ్రమ్మే. అందులో నూనె తుంపరలు పడును, వెనుకనే మసాలా పొడి రాలును. డ్రమ్ము తిరుగుటవలన అన్ని ముక్కలకును సమముగా అంటును.

మన ఊళ్లలో పసుపును పాలిషు పట్టు డ్రమ్మునకును, ఆ కర్మాగారపు డ్రమ్మునకును సూత్రము ఒక్కటే. సరుకు దొర్లుచుండగా పైన వేసినది సమముగా పట్టుట. కాని పూతకు రెండు పనులు కలవు. ఒకటి రుచిని, రక్షణను ఇచ్చుట. ఇది మంచి పూత. రెండవది లోపమును కప్పుట. ఇది మోసపు పూత. డ్రమ్మునకు ఈ భేదము తెలియదు. త్రిప్పు మనిషికి తెలియవలెను.

రంగు ఎక్కడ నుండి వచ్చును?

పసుపులోని రంగు పదార్థమును కుర్కుమిన్ అందురు. ఎండిన పసుపులో ఇది రకమును బట్టి సుమారు 2 నుండి 6 శాతము ఉండును. వాసన నిచ్చు తైలము వేరుగా ఉండును. ఈ కుర్కుమిన్ నీటిలో దాదాపు కరుగదు. నూనెలో, సారాయములో కరుగును. సున్నము తగిలిన ఎరుపెక్కును. మన ఇండ్లలో పసుపు, సున్నము కలిపి పారాణి చేయుట దీనివలననే. ఎండ తగిలిన క్రమముగా వెలిసిపోవును. పసుపు అద్దిన బట్టను రెండు నాళ్లు ఎండలో వేసి చూచిన ఎవరికైనను తెలియును.

పచ్చి కొమ్ములో రంగు అక్కడక్కడ చిన్న చిన్న అరలలో నిలిచి ఉండును. ఉడుకబెట్టినపుడు ఆ అరలు విచ్చుకొని రంగు కొమ్మంతటను సమముగా వ్యాపించును. పిండి పదార్థము ఉడికి గట్టిపడును. మొలక శక్తి నశించును. పచ్చి వాసన పోవును. ఎండుటయు త్వరగా జరుగును. కావున కొమ్మునకు రంగు నిచ్చు అసలైన పని పాలిషు డ్రమ్ములో గాక ఉడుకబెట్టు కడాయిలోనే జరుగుచున్నది.

ఉడుకబెట్టుటలో మెలకువలు

త్రవ్విన రెండు మూడు దినములలోనే ఉడుకబెట్టవలెను. కుప్ప వేసి నిలువ ఉంచిన సరుకు వేడెక్కి చెడును. మండను (గోళను), కొమ్ములను (కాడిని) ముందే వేరు చేయవలెను. మండ లావుగా ఉండుటచే ఎక్కువ సేపు ఉడుకవలెను. రెండును కలిపి వేసినచో కొమ్ము మెత్తబడి చెడును, లేదా మండ పచ్చిగా మిగిలిపోవును.

కడాయిలో పసుపు మునుగునట్లు మంచి నీరు పోసి, సమముగా మంట పెట్టవలెను. సామాన్యముగా 45 నిమిషముల నుండి గంట వరకు పట్టును. నురుగు పైకి వచ్చి, పసుపు వాసనతో తెల్లని ఆవిరి లేచినపుడు సరుకు సిద్ధమైనదని గుర్తు. గడియారము కన్న చీపురు పుల్ల మంచి సాక్షి. కొమ్ములో గ్రుచ్చిన పుల్ల సులువుగా దిగవలెను. వ్రేళ్ల మధ్య నొక్కిన కొమ్ము మెత్తగా అణగవలెను. ఎక్కువ ఉడికిన రంగు చెడును. తక్కువ ఉడికిన కొమ్ము ఎండిన పిదప పెళుసుగా ఉండి ముక్కలగును.

పూర్వము కొన్ని చోట్ల ఉడుకు నీటిలో పేడ నీరు కలుపువారు. మరి కొన్ని చోట్ల సోడా వేయువారు. ఈ రెండును వలదు. పేడవలన సరుకునకు సూక్ష్మజీవులు పట్టును. తినుబండారములో దానికి చోటు లేదు. సోడావలన రంగు ఎరుపునకు తిరుగును. శుభ్రమైన నీరే చాలును.

రంధ్రములు గల రేకు తొట్టిలో సుమారు 50 కిలోల కొమ్ములు పోసి, ఆ తొట్టిని కడాయిలోని వేడి నీటిలో దించి ఉడికిన వెంటనే ఎత్తు పద్ధతి కూడ మంచిదే. ఆ నీటినే మరల వాడుకొనవచ్చును. ప్రతి వాయి సమముగా ఉడుకును. ఇప్పుడు ట్రాక్టరు వెంట ఊరూరు తిరుగు ఆవిరి బాయిలర్లు వచ్చినవి. వీటిలో నీటి డ్రమ్మునకు మంట పెట్టుదురు. అందుండి వచ్చు ఆవిరి గొట్టముల ద్వారా పసుపు నింపిన డ్రమ్ములలోనికి పోవును. వంటచెరకు, నీరు, సమయము కలిసివచ్చును. అయితే బాయిలరు కిరాయికి తెచ్చుకొను రైతు ధర అడిగినట్లే, "సేఫ్టీ వాల్వు పని చేయుచున్నదా?" అనియు అడుగవలెను. ఆవిరి ఒత్తిడి మితిమీరిన డ్రమ్ము పగిలి ప్రాణములు పోవును. మంట వద్దకు పిల్లలను రానీయరాదు.

ఎండబెట్టుట: ఇచ్చటనే లాభనష్టములు

ఉడికిన పసుపును సిమెంటు కళ్లముపై గాని, వెదురు తడకలపై గాని, శుభ్రమైన పరదాలపై గాని 5 నుండి 7 సెంటీమీటర్ల మందమున పరువవలెను. మరీ పలుచగా పరచిన త్వరగా ఎండునని కొందరు తలంతురు. అది పొరబాటు. పలుచని పొరలో ఎండ నేరుగా తగిలి రంగు తగ్గును. పగలు తిరుగవేయుచు, రాత్రి కుప్ప చేసి కప్పి ఉంచవలెను. 10 నుండి 15 దినములలో పూర్తిగా ఎండును. ఎండిన కొమ్మును విరిచిన లోహపు ముక్క వలె టక్కున శబ్దము వచ్చును. యంత్రముల ద్వారా వేడిగాలితో ఆర్చువారు వేడిని 60 డిగ్రీల సెంటీగ్రేడు మించనీయరాదు.

ఆహార భద్రతా నిబంధనల ప్రకారము పసుపు కొమ్ములలో తేమ 12 శాతమునకు, పసుపు పొడిలో 10 శాతమునకు మించరాదు. పచ్చి పసుపునుండి ఎండు పసుపు రకమును బట్టి 10 మొదలు 30 శాతము వరకు దిగును. తేమతో తూకము పెరుగునని తొందరపడి సంచులకెత్తిన సరుకు గోదాములో బూజు పట్టి, తూకములో వచ్చిన లాభమునకు ఎన్నో రెట్లు ధరలో పోగొట్టును.

మాఘ, ఫాల్గుణ మాసములలో కళ్లము మీద సరుకు ఉండగా అకాల వర్షము కురియుట మనకు క్రొత్త కాదు. రైతు గుండె అప్పుడే చెదరును. మబ్బు కనబడిన పిదప పరదాల కొరకు ఊరంతయు పరుగెత్తుట కన్న, ఉడుకబెట్టు దినమునకు ముందే పరదాలను కళ్లము ప్రక్కన ఉంచుకొనుట మేలు. కళ్లము చుట్టును నీరు పోవు కాలువ తీయవలెను. అయినను తడిసినచో, తడిసిన కుప్పను వేరు చేసి, గాలి వచ్చు పాకలో పరచి, తెరపి ఇచ్చిన వెంటనే ఎండకు వేయవలెను. తడిసిన దానిని మంచి కుప్పలో కలుపరాదు. కలిపినచో మంచి దానికి కూడ తడిసిన దాని ధరయే వచ్చును. బూజు పట్టిన దానిని ఏరి పారవేయవలెను.

పాలిషు, పూత

ఎండిన కొమ్ము పైన పొలుసు, వేరు ముక్కలు ఉండి గరుకుగా, కళావిహీనముగా కనబడును. వీటిని తొలగించుటయే పాలిషు. కొద్ది సరుకును గోనె గుడ్డతో చేత రుద్దుకొనవచ్చును. ఎక్కువ సరుకునకు ఇరుసు మీద తిరుగు జల్లెడ డ్రమ్ము కావలెను. నిమిషమునకు సుమారు 30 చుట్లు తిరిగిన చాలును. కొమ్ములు జల్లెడకును, ఒకదానికొకటియు ఒరసికొని నున్ననగును. పొట్టు క్రింద రాలును.

కొనువారు పచ్చని పైకళ కోరినచో, పూయదగినది పసుపు పొడి మాత్రమే. పాలిషు ఇక పది నిమిషములలో ముగియుననగా, పసుపు పొడిని అట్లే గాని, కొద్ది నీటిలో కలిపి గాని డ్రమ్ములో చిలుకవలెను. 100 కిలోల కొమ్ములకు 2 కిలోల పొడి సరిపోవును. నీటితో పూసినచో మరల నీడన ఆరనిచ్చి సంచులకు ఎత్తవలెను. ఆ పొడిని కూడ బజారున కొనక, మన ముక్క పసుపును మనమే ఆడించుకొనుట క్షేమము. పసుపునకు పసుపే పూత. మరి ఏ రంగు పొడియు వలదు.

విషపు పూత

ఈ మాట ఇంత గట్టిగా చెప్పుటకు కారణము కలదు. కొందరు వ్యాపారులు, పాలిషు పట్టువారు ఒక మెరయు పచ్చని పొడిని కలుపుట దేశములో చిరకాలముగా ఉన్న దురాచారము. దాని పేరు లెడ్ క్రోమేటు. రంగుల అంగడిలో "మిడిల్ క్రోమ్" అందురు. ఇది గోడలకు, ఇనుప సామానులకు వేయు రంగు. దాని బరువులో దాదాపు 64 శాతము సీసమే. చవక, మెరపు, తూకము మూడును కలిసివచ్చుటచే మోసగాండ్రకు ఇది ప్రియమైనది.

సీసము ఒక్క దినములో చంపు విషము కాదు, అందువలననే ప్రమాదము. కూరలో చిటికెడు చిటికెడుగా ఒంటిలో చేరి ఎముకలలో నిలిచిపోవును. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీయును, చదువు మందగించును, రక్తము తగ్గును. గర్భిణులకు, కడుపులోని బిడ్డలకు హాని కలిగించును. ఇంత వరకు భయము లేదనదగిన మోతాదు ఏదియు సీసమునకు లేదని వైద్యుల అభిప్రాయము. డ్రమ్ము త్రిప్పు కూలీ ఆ ధూళిని ముందుగా పీల్చును. ఆ కూలీ మన ఊరివాడే. 1954 నాటి కల్తీ నిరోధక చట్టము నాటినుండియు ఇట్టి కల్తీ నేరమే. దాని స్థానమున వచ్చిన 2006 ఆహార భద్రతా చట్టము క్రింది నిబంధనలు పసుపులో లెడ్ క్రోమేటు గాని, కృత్రిమ రంగులు గాని ఉండరాదని శాసించుచున్నవి.

పొరుగున ఉన్న బంగ్లాదేశ్ అనుభవమును వినుడు. అక్కడ 1980 ప్రాంతములలో వరదలు వచ్చి పసుపు సరిగా ఎండక నల్లబడినది. ఆ నల్లదనమును కప్పుటకు పాలిషులో లెడ్ క్రోమేటును వాడ మొదలిడిరి. వరద పోయినను అలవాటు పోలేదు. గర్భిణుల రక్తములో సీసము ఎక్కడినుండి వచ్చుచున్నదని శోధించిన పరిశోధకులు ఈ పసుపు పూతయే కారణమని 2019లో వెల్లడించిరి. ప్రభుత్వము అంగళ్లలో హెచ్చరికలు అంటించి, ప్రధాన మార్కెట్టులో యంత్రముతో తనిఖీ చేసి, తప్పు చేసిన వర్తకులకు జరిమానా వేసినది. 2019లో పరీక్షించిన బజారు పసుపు నమూనాలలో 47 శాతమునందు సీసము కనబడగా, 2021లో ఒక్కదానియందును కనబడలేదు. మనకు ఇందులో రెండు పాఠములు కలవు. ఎండక చెడిన సరుకే విషపు పూతకు దారి తీసినది. గట్టిగా పూనుకొన్నచో రెండేండ్లలో దానిని మాన్పింపవచ్చును.

అనుమానము కలిగినచో

ఒక గాజు గ్లాసులో నీరు పోసి, అనుమానమున్న పసుపు కొమ్మును కదల్పక వేయుడు. మంచి కొమ్ము నీటికి వెంటనే రంగు వదలదు. రంగు పూసినది మిక్కిలి మెరయుచు, వేసిన వెంటనే పచ్చ రంగు వదలును. పొడి విషయమున, చెంచాడు పొడిని నీటిపై చల్లిన, మంచిది లేత పసుపు రంగు నిచ్చుచు అడుగునకు దిగును; కృత్రిమ రంగు కలిపినది నీటిని చిక్కని పసుపుగా మార్చును. అయితే పసుపు పొడియే పూసిన కొమ్ము కూడ కొంత రంగు వదలవచ్చును. కావున ఇంటి పరీక్ష అనుమానమునకు మాత్రమే ఆధారము, తీర్పు ప్రయోగశాలది. హైదరాబాదు నాచారములో రాష్ట్ర ఆహార ప్రయోగశాల కలదు. ఆహార భద్రతాధికారి ద్వారా నమూనాను పంపించవచ్చును.

కర్మాగారము చూచునది లోపలి రంగునే

పసుపు ఇప్పుడు వంటింటితో ఆగుటలేదు. పసుపును దంచి, ద్రావకములో నానబెట్టి, ద్రావకమును ఆవిరి చేసి తీసివేసిన, రంగు, వాసన రెండును గల చిక్కని సారము మిగులును. దీనిని ఓలియోరెసిన్ అందురు. 100 కిలోల ఎండు పసుపునుండి సుమారు 8 మొదలు 10 కిలోల వరకు వచ్చును. మసాలా సారములను తీయు పద్ధతులపై 1950లో మైసూరులో స్థాపించిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ విశేష కృషి చేసినది. నేడు కేరళలో ఇది పెద్ద పరిశ్రమ. విదేశములలో వెన్నకు, జున్నుకు, ఊరగాయలకు రంగు నిచ్చుటకు ఈ సారమును వాడుచున్నారు.

ఈ సారము నూనె వంటిది. నీటిలో కలియదు, గాలికి వాసన పోవును. అందువలన శాస్త్రజ్ఞులు ఒక ఉపాయము కనుగొనిరి. బంక కలిపిన నీటిలో సారమును చిలికి, వేడిగాలి గదిలోనికి సన్నని తుంపరలుగా చిమ్ముదురు. నీరు క్షణములో ఆవిరియై, ప్రతి తుంపర చుట్టును బంక ఒక పొరగా గట్టిపడును. లోపల సారము, పైన బంక కవచము. ఇది పిండివలె పొడిపొడిగా ఉండి, నీటిలో వేసినపుడే వాసనను విడుచును. చక్కెర సోంపులోని విద్యయే ఇంత సూక్ష్మముగా మారినది. ఇది మేలైన పూత: లోపలి గుణమును కాపాడును.

ఇట్టి కర్మాగారము వారు పసుపు కొనునపుడు కొమ్ము పైమెరపును లెక్కచేయరు. పొడి చేసి కుర్కుమిన్ శాతమును కొలుతురు. సీసము కనబడిన సరుకును తిప్పి పంపుదురు. ఒక ఊరి సరుకు ఒకసారి తిరిగివచ్చిన, ఆ ఊరి మంచి రైతునకు కూడ ధర రాదు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో మన నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. కమ్మరపల్లిలో పసుపు పరిశోధన స్థానము ఉన్నది. మేలు రకములను గురించియు, ఉడుకబెట్టుట, ఎండబెట్టుటలను గురించియు అక్కడి వారిని అడిగి తెలిసికొనవచ్చును.

గ్రామాధికారులకు ఒక మాట

పసుపు త్రవ్వు కాలమునకు ముందే మీ ఊరిలో ఒక సమావేశము చేయుడు. ఎందరికి పరదాలున్నవి, ఎందరికి లేవు అను పట్టిక వ్రాయుడు. సిమెంటు కళ్లములు లేనివారు వంతుల ప్రకారము ఉమ్మడి కళ్లమును వాడుకొనునట్లు ఏర్పాటు చేయుడు. తేమను కొలుచు చిన్న యంత్రము ఊరికి ఒకటి ఉన్నను రైతునకు యార్డులో మాట దక్కును. పాలిషు డ్రమ్ము నడుపువారిని పిలిచి, పసుపు పొడి తప్ప మరి ఏ పొడియు డ్రమ్ము వద్ద ఉంచరాదని చెప్పుడు. మహిళా సంఘములు పసుపు పట్టించి పొట్లములు కట్టి అమ్మదలచినచో, ఆహార భద్రతా నమోదు చేయించుకొనుటలో వారికి తోడ్పడుడు. పొడిని వెలుతురు చొరని సంచులలో నింపిన రంగు నిలుచును.

రైతు సోదరులారా! మన ఇంట పెండ్లి పని పసుపు దంచుటతో మొదలగును. గడపకు పసుపు, పసిబిడ్డకు పసుపు, దెబ్బ తగిలిన పసుపు. కొనువారును తమ బిడ్డలకే పెట్టుదురు. మీ కడాయిలో సరిగా ఉడికి, మీ కళ్లములో పూర్తిగా ఎండిన కొమ్మును ఎక్కడ విరిచినను లోపలి రంగు కనబడును. ఈ ఏడు పసుపు త్రవ్వుటకు ముందే పరదాలు చూచుకొనుడు, కళ్లము అలికి సిద్ధపరచుకొనుడు, డ్రమ్ము వానితో ముందే మాటాడుకొనుడు. మీ పసుపునకు మీ పసుపే పూత కావలెను.